ఒక్క మనిషి బరువుకు కట్టిన కమాను

మా అబ్బాయి నడుం దెబ్బతిన్న ఏడాది మా ఇంట్లో చెంచా కింద పడినా అందరం ఉలిక్కిపడేవాళ్ళం. ఆఫీసు దగ్గర కార్లు నిలిపే చోట మంచు మీద జారి వెల్లకిలా పడ్డాడు. వెన్నుపూసల మధ్య బిళ్ళ పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషన్ చేసి సరిచేశామన్నారు. డాక్టరు ఇంగ్లీషులో చెప్పినదంతా కోడలు తెలుగులో చెప్పేది. నేను చదివింది మూడో తరగతి. అంత మాటల్లోనూ నాకు తెలిసింది ఒక్కటే: వాడు నిలబడగలడు, గోడ పట్టుకుని నడవగలడు, కూర్చోలేడు. మంచు కరిగింది, చెట్లు చిగిర్చాయి, వాడు మాత్రం హాల్లో కార్పెట్ మీద దుప్పటి పరుచుకుని పైకప్పు చూస్తూ పడుకునే ఉన్నాడు.

ఈ పరాయి దేశంలో మేముండే ఊరు ఫార్మింగ్టన్ హిల్స్. ఇక్కడ ఉప్పు అయిపోయినా కారు తీయాల్సిందే. మావాడు కార్ల తలుపుల గొళ్ళేలకు బొమ్మలు గీసే ఇంజనీరు. అలాంటివాణ్ణి కోడలు స్టేషన్ వేగన్‌లో సీట్లు మడిచి, పరుపు వేసి, పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయేది. నేను వాడి తల దగ్గర ఒదిగి కూర్చునేదాన్ని. రోడ్డు మీద అతుకు వచ్చినప్పుడల్లా పళ్ళు బిగించేవాడు. ఒకసారి ఇంటికొచ్చి దించుతుంటే, "సరుకు దించినట్టు దించుతున్నారమ్మా నన్ను" అన్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇంకోనాడు కోడలు డ్యూటీకి వెళ్ళాక, నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, "నేను లేకపోతే మీ ముగ్గురూ కాస్త ఊపిరి తీసుకుంటారు" అన్నాడు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు అన్నాడు ఆ మాట. లేచి వెళ్ళి వాడి మాత్రల సీసా తీసి బియ్యం డబ్బాలో అడుగుకంటా దోపాను. ఆ రోజు నుంచి వేళకు నా చేత్తోనే ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. కోడలికి చెప్పలేదు. ఆస్పత్రిలో పనిచేసే పిల్ల, సీసా ఉన్నచోట లేకపోతే అడగాలి. అడగలేదు. అడగలేదంటేనే తనకూ తెలుసని నాకర్థమైంది.

గరాజ్‌లో ఒక పాత కారుండేది. పడకముందు కొన్నాడు. పంతొమ్మిది వందల ముప్పైల నాటి కారు డొక్కు ఒకటి తెచ్చి, పైన పాత రూపం అలాగే ఉంచి, లోపల పెద్ద ఇంజను బిగిస్తారు. హాట్ రాడ్ అంటారు దాన్ని. రెండు తలుపులు, వెనక సీటు, మనిషి టోపీతో కూర్చున్నా తగలనంత ఎత్తు కప్పు. నేనా కారును ఒక్కనాడూ మెచ్చుకోలేదు. మంచి కారు బయట ఎండకూ వానకూ ఉండటం, తుప్పు కారు నీడపట్టున ఉండటం నాకు గిట్టేది కాదు. ఇంజను ఎక్కింది, ముందు చక్రాలు ఎక్కాయి. వెనక పని మొదలుపెట్టబోయే ముందే వాడు పడ్డాడు. వెనక భాగం ఇనప స్టాండ్ల మీద అలాగే నిలబడిపోయింది, వాడిలాగే.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున వాడు గోడ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే పరుగెత్తాను. వాడు ఆ కారులో ఉన్నాడు. డ్రైవరు సీట్లో, నిటారుగా, స్టీరింగు చక్రం మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాతకాలపు సీటు కదా, కుర్చీలా ఎత్తుగా ఉంది. వంగక్కర్లేదు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి జరిగితే కూర్చున్నట్టే. పడ్డ తరువాత వాడు కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

"అమ్మా, ఇది నడిచిందంటే నేను ఒక్కణ్ణే వెళ్ళొస్తాను" అన్నాడు. "ఎవరూ నన్ను ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. ఒక్కణ్ణే."

ఆ 'ఒక్కణ్ణే' అన్నప్పుడు వాడి గొంతులో చాలాకాలం తరువాత కాస్త ప్రాణం వినిపించింది. నాకు సంతోషం వేయాలి. భయం వేసింది. అయినా ఆ కారు నడిస్తే వీడు దక్కుతాడు, నడవకపోతే దక్కడు అని ఆ నిమిషంలోనే నా మనసుకు గట్టిగా తోచింది.

ఇక వెనక ఏం పెట్టాలన్నది తేలాలి. వాడు మళ్ళీ కార్పెట్ మీద పడుకుని, నా అప్పడాల కర్ర అడిగి తీసుకున్నాడు.

"ఇది ఇరుసనుకో. దీని మీద అడ్డంగా ఒకటే కమాను కట్ట, ఇలా విల్లులాగా. కారుతో వచ్చిందే. అదొక దారి. రెండోది, లారీలకున్నట్టు చక్రానికొకటి నిలువుగా రెండు కమాన్లు. దానికి చట్రం కింద దూరి వెల్డింగ్ చేయాలి, నేను దూరలేను. మూడోది చుట్ట స్ప్రింగులు, బాల్‌పెన్నులో ఉంటుందే, దాన్ని పెద్దది చేసినట్టు. కొత్త రకం. మెత్తగా ఉంటాయి."

"మెత్తగా ఉండేదే పెట్టించుకోండి" అంది కోడలు, యూనిఫాం మార్చుకోకుండానే వచ్చి నిలబడి. "మీ బ్యాక్‌కి అదేగా కావాలి? ఎవరికి షో చేయడానికి ఇప్పుడు?"

"మెత్తటిది పెట్టానంటే నేనిక బాగవనని ఒప్పుకున్నట్టే."

"ఒప్పుకోకపోతే బాగైపోతారా?"

"నువ్వూ డాక్టరులాగే మాట్లాడు."

తెరిచి ఉన్న తలుపు అవతల పక్కింటి ముసలాయన అప్పటికే గరాజ్‌లో ఉన్నాడు. కార్ల ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కి రిటైరైన మనిషి, భార్య పోయి ఒంటరివాడు. మావాడు కారు తెచ్చిన రోజు నుంచీ కాఫీ కప్పుతో వచ్చి నిలబడేవాడు. పడ్డాక మాత్రం కొన్నాళ్ళు రాలేదు, వస్తే ఏం మాట్లాడాలో తెలియక. మా తెలుగులో స్ప్రింగులన్న మాట చెవిన పడగానే ఇంగ్లీషులో గట్టిగా ఏదో అన్నాడు. మా మనవరాలు పకపకా నవ్వింది.

"ఏమంటున్నాడే?"

"నాన్నమ్మా, అంకుల్ ఏం సే చేశాడంటే, అది సోఫా కింద పెట్టేది అంట. ఈ కార్ కింద పెడితే ఈ కార్ ఏడుస్తది అంట."

"కారు ఏడవదు. మీ నాన్న ఏడుస్తాడు" అంది కోడలు.

నన్ను అడిగారు. అడగకపోయినా చెప్పేదాన్నే. కారుతో వచ్చిన కమాను చెక్కుచెదరకుండా ఉండగా దాన్ని మూలపడేసి కొత్తవి కొనడమేమిటన్నాను. మా తెనాలి స్టేషను దగ్గర జట్కాలన్నీ కమాన్ల మీదే నడిచాయి, బాలింతల్ని కూడా వాటిలోనే ఇంటికి తెచ్చుకున్నామన్నాను. మావాడు గెలిచినట్టు కోడలి వైపు చూశాడు. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళి కుళాయి పెద్దగా తిప్పింది.

అలా పాత కమానే ఖాయమైంది. ముసలాయన దాన్ని విప్పి, ఇనప బిగింపులో పట్టి, నడిమి బోల్టు తీసి, పట్టీ పట్టీ విడదీశాడు. పెద్ద పట్టీ కింద దానికన్నా పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది, అరటి హస్తంలాగా. ఒక్కో పట్టీకీ తుప్పు గీకి, గ్రీజు రాసి మళ్ళీ పేర్చాడు. మావాడు గోడకు ఆనుకుని నిలబడి చెబుతుంటే ఆయన చేసేవాడు. నొప్పి ఎక్కువైతే వాడు నేల మీదే పడుకుని చెప్పేవాడు. పడుకున్నా మాట మాత్రం ఆగేది కాదు. అన్నం ఇంకాస్త వేయించుకుంటున్నాడని కోడలు నాతో గుసగుసగా అంది. మేమిద్దరం దిష్టి తగులుతుందేమోనన్నట్టు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పట్టీలు ఎన్ని పెట్టాలో తేల్చే రోజు ముసలాయన ఒక ప్రశ్న అడిగాడు. ఇందులో మామూలుగా ఎవరెవరు ఎక్కుతారు?

"అందరం" అన్నాడు మావాడు. ఆలోచించుకోలేదు.

ఆలోచించుకునేదేముంది? కారంటే మాకు అందరం. మేం ఎవరింటికైనా భోజనానికి వెళ్ళామంటే నలుగురు మనుషులు, కుక్కరు, సాంబారు గిన్నె, పులిహోర పళ్ళెం, వాళ్ళింట్లో గ్రైండరు లేకపోతే మా గ్రైండరు. అడిగిన ఆయనకు కారంటే ఒక మగవాడు, కిటికీలోంచి బయటపెట్టిన మోచెయ్యి. ఎవరి లెక్క వాళ్ళది. అయినా మావాడి మాట ప్రకారమే, బరువు కింద ఎంత దిగుతుందో చూడాలి, అందర్నీ ఎక్కమన్నాడు ముసలాయన. మావాడు అంతసేపు కూర్చోలేడు కనక వాడి చోట బియ్యం బస్తాలు పెట్టాం. నేనూ మనవరాలూ వెనక కూర్చున్నాం. కోడలు ముందు ఎక్కింది. గ్రైండరు నా కాళ్ళ దగ్గర.

"నాన్నమ్మా, గ్రైండర్ కూడానా?"

"ఎప్పుడూ వచ్చేది ఇప్పుడు మాత్రం ఎందుకు మానుతుందే?"

ముసలాయన వంగి ఇరుసుకీ చట్రానికీ మధ్య స్కేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. వెనక బాగా దిగిపోయిందట. ఇంకో పట్టీ చేర్చాడు. మళ్ళీ ఎక్కాం. ఇంకోటి చేర్చాడు. తెనాలిలో జట్కా అతను "ముందుకు జరగండమ్మా, వెనక బరువైపోయింది" అని అరిచేవాడు. అది చెబితే మావాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి కోడలు తల తిప్పుకుంది. చివరికి స్కేలు సరిపోయింది.

వెనక పనంతా అయ్యాక ఆదివారం అందరం ఎక్కాం. వాడే నడిపాడు. చప్పుడుకి వీధిలో కుక్కలన్నీ మొరిగాయి కానీ బండి మాత్రం నీటి మీద పడవలా సాగింది. రోడ్డు అతుకుల మీద మెల్లగా లేచి మెల్లగా దిగింది. వాడు పళ్ళు బిగించలేదు. ఇంటికి రాగానే సీట్లోంచి తనే లేచి నిలబడ్డాడు. "రేపు నేనొక్కణ్ణే ఆఫీసు దాకా వెళ్ళొస్తా. పనిలోకి కాదులే, ఊరికే, తోవ చూసుకోడానికి" అన్నాడు.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. వీధి చివర దాటి ఎంతో సేపు కాలేదు, కారు తిరిగొచ్చింది. గరాజ్ ముందు ఆగింది. తలుపు తెరుచుకోలేదు. నేను వెళ్ళి చూస్తే వాడి మొహం ఉతికి పిండిన గుడ్డలా ఉంది. రెండు చేతులూ చక్రాన్ని పట్టుకుని ఉన్నాయి, విడిపించడానికి ఒక్కో వేలూ తీయాల్సి వచ్చింది. ముసలాయనా నేనూ కలిసి దించాం. సరుకులాగే దించాం.

ఆ తరువాత వాడు మాట్లాడటం మానేశాడు. నొప్పికి మూలగడమూ లేదు. మనవరాలు స్కూలు నుంచి వచ్చి పక్కన కూర్చుని ఏదో చెప్పబోతే గోడవైపు తిరిగాడు. కోడలు సెలవు పెడతానంది. వద్దన్నాను. అందరం ఇంట్లో కూర్చుని వాణ్ణి చూస్తుంటే వాడికి ఇంకా బరువు.

మంగళవారం మధ్యాహ్నం నోరు విప్పాడు.

"సీసా ఎక్కడ పెట్టావమ్మా?"

"ఏ సీసా?"

"తెలీనట్టు మాట్లాడకు."

"నా దగ్గరుంది. వేళకు ఇస్తాను."

"ఇప్పుడివ్వు."

"ఇవ్వను."

"అమ్మా, నేను చిన్నపిల్లాణ్ణి కాదు."

"అందుకే ఇవ్వను."

వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను వంటింట్లో బియ్యం డబ్బా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. పొయ్యి మీద ఏమీ లేదు. చేతిలో పనేమీ లేదు. నా బతుకులో ఊరికే కూర్చున్న పూట అదొక్కటే అనుకుంటాను. భర్త పోయిన రోజు కూడా పదిమందికీ కాఫీ కలిపాను. దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే ఏది అడగాలో తెలియలేదు, నొప్పి తగ్గించమనా, ప్రాణం నిలపమనా, రెండూ ఒకటి కావని అప్పుడే తెలిసింది.

సాయంత్రం ముసలాయన వచ్చాడు. తన చేతి పని వల్లే ఇలా అయిందని ఆయనకు దిగులు. కారు కిందకు దూరి చాలాసేపు చూశాడు. ఎక్కడా ఏదీ విరగలేదు. హాల్లోకి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని, మనవరాలి చేత నన్ను అడిగించాడు.

"నాన్నమ్మా, సండే డాడీకి హర్ట్ అయిందా అంట."

"లేదు."

"మండే అయిందా అంట."

"చూస్తూనే ఉన్నాడుగా."

"మరి సండే ఏం డిఫరెంట్ అంట."

"ఆదివారం మనందరం ఉన్నాం" అంది కోడలు. అని, తన మాట తనకే తగిలినట్టు ఆగిపోయింది.

గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరిగాడు. ముసలాయనతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆయన నుదురు కొట్టుకున్నాడు. సంగతి అందరికీ ఒకేసారి అర్థమైంది. మొత్తం కుటుంబాన్నీ గ్రైండరునూ మోయడానికి కట్టిన కమాను అది. అందరం కూర్చుంటే వంగుతుంది. ఒక్కడు కూర్చుంటే దానికి లెక్కే లేదు, కొయ్యలా నిలబడుతుంది. రోడ్డు మీది ప్రతి దెబ్బా నేరుగా వాడి నడుంలోకి. ఖాళీ జట్కా ఎక్కినవాడి సంగతి నాకు తెలియక కాదు. వాడు ఖాళీగా వెళ్తాడన్నదే నాకు తోచలేదు.

"అయితే నేనొస్తాను" అన్నాను. "రోజూ నీ వెనక కూర్చుంటాను. నువ్వు ఆఫీసులో ఉన్నంతసేపూ కారులోనే ఉంటాను. ఇంట్లో మాత్రం నాకేం పని?"

"చలికాలంలో?"

"దుప్పటి కప్పుకుంటా."

"నువ్వొక్కదానివి చాలవమ్మా బరువుకి."

"బియ్యం బస్తాలు వేద్దాం."

"అమ్మనీ బియ్యాన్నీ వెనకేసుకుని ఆఫీసుకి వెళ్ళమంటావా?" కోపం వచ్చింది వాడికి. కోపం వచ్చినందుకు నాకు కాస్త ధైర్యం వచ్చింది. "పట్టీలు తీయించేస్తాను. ఒక్కడి బరువుకే కట్టిస్తాను."

ముసలాయన చేతులు ఊపుతూ చెప్పాడు. అన్నేసి పట్టీలు తీస్తే ఇక వెనక ఎవరూ ఎక్కకూడదు. ఎక్కితే చట్రం ఇరుసు మీద కూర్చుంటుంది.

"మరి మేమో?" అంది కోడలు. కారు గురించి కాదు అడిగింది. వాడికీ తెలుసు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "అత్తయ్యా, మీరు సీసా దాచారు. నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు మనమే కారు ఇచ్చి ఒక్కణ్ణే పంపుదామా? అలాగే వెళ్ళిపోతే? తిరిగి రాకపోతే?"

"ఇక్కడ పడుకోబెట్టి కాపలా కాస్తే మాత్రం ఎన్నాళ్ళు కాస్తాం?" అన్నాను. "వాడు అడుగుతున్నది ఒక్కటే. అది కూడా మనం ఇవ్వకపోతే ఇక ఏదీ అడగడు."

ఆ పిల్ల కొంగుతో మొహం తుడుచుకుంది. నేను హాల్లోకి వచ్చి, "తీయించుకో. ఒక్కడికే కట్టించుకో" అన్నాను.

మర్నాడే ముసలాయన ఇనప బిగింపు మళ్ళీ పట్టుకొచ్చాడు. తీసిన పట్టీలు ఒక్కొక్కటీ సిమెంటు నేల మీద పడుతుంటే చప్పుడు ఇంట్లో దాకా వినిపించింది. ఎవరి పట్టీ ఏదో అన్నట్టు విన్నాను. ఇది నాది, ఇది కోడలిది, ఈ చిన్నది పిల్లది. వెనక సీటు కూడా పీకి గోడకు ఆనించారు.

శనివారం వాడు బయల్దేరాడు. ముసలాయన వెనక చక్రాల మీదికి వంగి ఒకసారి చూసుకుని తప్పుకున్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. కోడలు అడగబోతే చెయ్యి నొక్కాను. కారు వీధి చివర మలుపు తిరిగింది. చప్పుడు కూడా పోయింది.

పోయినసారి తిరిగొచ్చిన వేళ దాటింది. మొదట అది మంచిదే అనుకున్నాం. తరువాత అలా అనుకోలేకపోయాం. కోడలు స్టేషన్ వేగన్ తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మానికీ వాకిలికీ మధ్య తిరుగుతోంది. "వెతకనా అత్తయ్యా?" అంటుంది. "ఎటని వెతుకుతావు?" అంటాను. ముసలాయన వాకిట్లో నిలబడి పైపుతో గడ్డికి నీళ్ళు పెడుతున్నాడు. ఒక్కచోటే పెడుతున్నాడు, నీళ్ళు వీధిలోకి పారుతున్నాయి. అంత నీరు వృథా పోతున్నా నేను నోరెత్తలేదు. వంట చేశాను. తినమంటే మనవరాలు తినలేదు. అన్నం చల్లారిపోయింది.

చప్పుడు ముందు ముసలాయనకు వినిపించింది. పైపు వదిలేశాడు.

కారు వచ్చి ఆగింది. మేమందరం కదలకుండా నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. వాడు ఒక కాలు దించాడు, ఆగాడు, రెండో కాలు దించాడు, తలుపు పట్టుకుని లేచాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. పెదవి కొరుక్కున్నచోట నెత్తురు కనిపించింది. నేను ముందుకు వెళ్ళబోయి ఆగాను.

వాడు మా ముగ్గురి వైపూ చూడలేదు. ముసలాయన వైపు చూసి ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు.

"ఏమన్నాడే?" అని మనవరాలిని అడిగాను.

"రైల్వే ట్రాక్స్ దగ్గర ఇంకా గట్టిగా ఉందంట నాన్నమ్మా. రేపు ఇంకో పట్టీ తీసెయ్యాలంట."

"తీసెయ్యమను" అన్నాను.